పసుపు మీద చాడీ

పోయిన వారం శాంతవ్వను చాయ్ కప్పుల పళ్లెంతో గడప మీద నిలబెట్టి వచ్చేశాం. ఆ చాయ్ ఎవరూ తాగలేదు. తాగాల్సిన భూమేశ్వర్ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆర్మూర్ గుట్టల కిందున్న ఆ పేటకు భూమేశ్వర్ గ్రామ కమిటీ పెద్ద. ఆయన వచ్చిన పని చిన్నదే. గాలిని ఖరాబు చేసేవాటిని అదుపులో పెట్టడానికి రాష్ట్రంలో కొత్త చట్టం తేబోతున్నారు. దాని ముసాయిదాలో ఇటుక బట్టీలు, మిల్లులతో పాటు పసుపు పాలిష్ డ్రమ్ములు కూడా ఉన్నాయి. ఇళ్ల దగ్గర, బడుల దగ్గర డ్రమ్ము తిప్పాలంటే దానికి మూత ఉండాలట, దుమ్ము పట్టే సంచి ఉండాలట. లేకపోతే డ్రమ్ముకు తాళమేనట. జనం ఏమంటారో వినడానికి హైదరాబాద్ నుంచి పెద్దలు శుక్రవారం మార్కెట్ యార్డుకు వస్తున్నారు. "పేటల నల్లకోటు ఏసుకున్నదానివి నువ్వొక్కదానివే బిడ్డా. పసుపును గా చట్టంలకెళ్లి తీసెయ్యుమని మన దిక్కు నువ్వే మాట్లాడాలె" అని శాంతవ్వ కూతురు భూమికను అడగడానికి వచ్చాడాయన. భూమిక ఆర్మూర్ కోర్టులో ఒక వకీలు దగ్గర జూనియర్.

"మాట్లాడుత మామా. కని తీసెయ్యుమని గాదు, ఉంచుమని మాట్లాడుత" అన్నది భూమిక.

దాంతో భూమేశ్వర్ లేచాడు. "అట్లనా? అయితే రేపు పొద్దుగాల కమిటీ కాడికి రాండ్రి, ముగ్గురు" అని మాత్రం అన్నాడు.

మన దిక్కున కమిటీ పిలిచిందంటే దానర్థం ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. కమిటీ మాట కాదన్నవాళ్లతో పేట బంద్. వాళ్లింటికి ఎవరూ పోరు, వాళ్లను ఎవరూ పిలవరు. శాంతవ్వ మొగుడు భోజన్న డ్రమ్ముకు ఎవరూ పసుపు తేరు. ఏడాదంతా ఆ ఇల్లు నడిచేది ఈ రెండు నెలల డ్రమ్ము మీదే. ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు కొమ్ములను బండ్లకు బండ్లు తెచ్చి భోజన్న వాకిట్లో పోస్తారు. ట్రాక్టర్‌కు తగిలించిన జాలీ డ్రమ్ములో అవి గిరగిరా తిరిగి, పైపొట్టు రాలి, బంగారం ముక్కల్లా బయటికొస్తాయి. ఆ రాలిన పొట్టంతా గాలిలోకే. వాకిట్లో కట్టేసిన బర్రె కూడా ఈ నెలల్లో పసుపు రంగులోనే ఉంటుంది.

శాంతవ్వకు భయపడటం ఊపిరి పీల్చుకున్నంత తేలిక. వాన మబ్బు పడితే పిడుగు పడుతుందని, పడకపోతే పంట ఎండుతుందని భయం. కూతురు కోర్టు నుంచి రావడం జర ఆలస్యమైతే బస్సు బోర్లా పడిందనే నమ్మకం. అందుకే ఆ సాయంత్రం ఆమె ఏడవలేదు, పని మొదలుపెట్టింది. ఆర్మూర్ పోయి ఉప్పు ప్యాకెట్లు, అగ్గిపెట్టెలు, కొబ్బరినూనె తెచ్చింది. ఇంట్లో ఉన్న పెరుగును రెండు గిన్నెల్లో వేరువేరుగా తోడు పెట్టింది.

"రెండెందుకే?" అన్నాడు భోజన్న.

"బంద్ పెడితే తోడుకు ఎవలింటికి పోత? ఒకటి పులిసిపోతే ఇంకోటి ఉంటది."

"బంద్ పెడ్తరని తోడు దాస్తున్నవా అమ్మా!" అని భూమిక పడీపడీ నవ్వింది.

భోజన్న నవ్వలేదు. ఆయన ఈ మధ్య అంతగా మాట్లాడటం లేదు. మొన్న మంగలి దగ్గరికి పోయి జుట్టు కత్తిరించుకొచ్చాడు. పెండ్లిళ్లకు తప్ప తొడగని తెల్ల అంగీని ఇస్త్రీకి ఇచ్చి, తెచ్చి, చిలక్కొయ్యకు తగిలించాడు. ఎందుకని అడిగితే "ఉండని తియ్" అన్నాడు. శాంతవ్వ మనసు వెంటనే దవాఖానకు పోయింది. ఈ మనిషికి ఏదో రోగముంది, నిజామాబాద్ పెద్ద దవాఖానకు చెప్పకుండా పోవాలనుకుంటున్నాడు. కానీ ఒకేసారి రెండు ఆపదలు మోయలేక, ఆ అంగీ సంగతిని బంద్ సంగతి తేలేదాకా పక్కన పెట్టింది.

తెల్లారి ముగ్గురూ కమిటీ భవనానికి పోయారు. భవనమంటే పెద్దదేం కాదు, ఒక గది, ముందు పొడుగాటి అరుగు. బాల్కొండ దిక్కు పోయే బస్సు కూడా ఆ అరుగు ముందే ఆగుతుంది. అందుకని భూమేశ్వర్ తల్లి చిన్నవ్వ బట్టల సంచి ఒళ్లో పెట్టుకుని అప్పటికే ఆ చివర కూర్చుని ఉంది. ఏటా పసుపు డ్రమ్ములు మొదలుకాగానే ఆమె బాల్కొండలో కూతురింటికి పోతుంది, డ్రమ్ములు ఆగాక వస్తుంది. ఎందుకంటే కూతురు వండే కోడికూర కోసమంటుంది.

"ఏం చిన్నవ్వా, కోడికూర యాళ్లయిందా?" అన్నాడు కమిటీ మెంబరు హన్మండ్లు. ఏటా ఆయన అనే మాటే.

"నీ పెండ్లం వండితే నేనెందుకు పోదురా బాల్కొండకు? అది వండదు, నువ్వు పెట్టవు" అన్నది చిన్నవ్వ. అరుగంతా నవ్వింది. శాంతవ్వ తప్ప.

నవ్వు ఆగాక భూమేశ్వర్ గొంతు సవరించుకున్నాడు.

"భూమికా, నిన్ను నా బిడ్డ లెక్కనే సూసిన. నీకు వకీలు పట్టా వచ్చిననాడు గీ అరుగు మీదనే శాలువా కప్పినం. గిప్పుడు అడుగుతున్న, చెప్పు. పసుపంటే ఏంది?"

"పంట మామా."

"పంటనా! లక్ష్మి! పసుపు పెట్టనిది గడప గడప గాదు. పొద్దున లేస్తే మొఖానికి పసుపు, కాళ్లకు పసుపు, దెబ్బ తగిలితే పసుపు, దగ్గొస్తే పాలల్ల పసుపు. గసొంటి పసుపును గీ చట్టమోళ్లు సిమెంటు పొగ, టైర్ల పొగ పక్కన రాసిండ్రు. నువ్వేమో ఉంచుమంటవు. పసుపును గలీజంటవా?"

వెనక నుంచి ఇద్దరు ముగ్గురు "అట్లడుగు" అన్నారు. శాంతవ్వ కొంగు అంచును చేతికి చుట్టుకోసాగింది. కూతురు గొంతు పెంచితే అయిపోయినట్టే.

భూమిక పెంచలేదు. "పసుపును అంటలేను మామా. డ్రమ్ముల నుంచి ఎగిరేది మనం పాలల్ల ఏసుకునేది గాదు. పొట్టు, మట్టి, మనం కొట్టిన మందు. దాన్ని ఎవలన్న పాలల్ల ఏసుకుంటరా?"

"ఏసుకోరు. గాలికి పోతది."

"గాలికి పోయి ఏడికి పోతది? బడి కాడికి పోతది. గీ అరుగు మీదికే వస్తది. సూడున్రి, కమిటీ ఫ్యాను రెక్కలు ఏ రంగున్నయి?"

అందరూ తలలెత్తారు. హన్మండ్లు "ముత్తైదువ ఫ్యాను" అన్నాడు. మళ్లీ నవ్వు. ఈసారి శాంతవ్వ పెదవి కూడా కొంచెం కదిలింది, అంతలోనే భయమేసి సర్దుకుంది.

"నవ్వుకు గాదు గని" అన్నాడు భూమేశ్వర్. "చట్టమొస్తే మూత కొనాలె, సంచి కొనాలె. కొనలేనోని డ్రమ్ముకు తాళం. మీ బాపు డ్రమ్ముకే ముందు పడ్తది. దానికేమంటవు?"

"గందుకే పోవాలంటున్న. చట్టం వద్దే వద్దని మనం లొల్లి చేస్తే వాళ్లు రాసుకుని పోతరు, వాళ్లకు నచ్చినట్టే తెస్తరు. చట్టం ఉండనీ, కని మూత సర్కారు సగం ధరకు ఇయ్యాలె, ఒక పసుపు కారు దాటినంక అమలు చెయ్యాలె, మాతోని పాటు పట్నంల పొడి మిల్లులకు గూడ తాళాలుండాలె అని అడుగుదాం. అడిగితే రాసుడు వాళ్ల పని."

మాట బాగుంది. బాగుందని కొందరి మొహాల్లో కనిపించింది కూడా. కానీ ఊరి ముందు ఒక ఆడపిల్ల మాటకు తల ఊపడం కమిటీకి అలవాటు లేదు. భూమేశ్వర్ అరుగు మీద చెయ్యి చరిచాడు.

"మన తాతల నుంచి పసుపు పండుతున్నది. పేటల ఒక్కరి పేరు చెప్పు, పసుపు దుమ్ముతోని మంచం పట్టినోళ్లది. ఒక్కరిది! చెప్తే నేనే నీ ఎంబడి వస్త. చెప్పకుంటే గీ ముచ్చట గీడనే ఇడిసిపెట్టు. ఇడువనంటే మీ బాపు డ్రమ్ముకు పేట నుంచి ఒక్క కొమ్ము రాదు."

వచ్చింది. శాంతవ్వ నిన్నటి నుంచి చెవులు రిక్కించుకుని ఎదురుచూస్తున్న మాట వచ్చేసింది. పేరు చెప్పమంటే భూమిక ఎవరి పేరు చెబుతుంది? చెప్పినా, వాళ్లు రేపు ఒప్పుకుంటారా? శాంతవ్వ భర్త వైపు చూసింది. భోజన్న తన కాళ్ల బొటనవేళ్లను చూసుకుంటున్నాడు. ఇంటి యజమాని, డ్రమ్ము యజమాని, కూతురి తండ్రి, ఒక్క ముక్క మాట్లాడడేం?

అదే సమయానికి పక్క గల్లీలో ఎవరిదో డ్రమ్ము మొదలైంది. ముందు గడగడా చప్పుడు, తర్వాత ఇంటి కప్పుల మీదుగా పలచటి పసుపు మబ్బు. గాలి ఇటే ఉంది. అరుగు చివర చిన్నవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, సంచి చంకలో పెట్టుకుని, మెల్లగా జరిగి స్తంభం అవతలికి పోయింది. ఎవరికీ వినపడకూడదన్నట్టు కొంగులోకే దగ్గింది.

ఎవరూ వినలేదు. శాంతవ్వ విన్నది. పేటలో ఎవరు దగ్గినా ఆమెకు వినపడుతుంది, ఎందుకంటే ఎవరు దగ్గినా అది టీబీ అని ఆమె భయం. చిన్నవ్వది కూడా టీబీ అనే ఇన్నాళ్లూ అనుకుంది. పాపం అనిపించినా, ఆమె ఇంటికి వస్తే చాయ్ వేరే గ్లాసులో పోసేది. కానీ ఇప్పుడు స్తంభం వెనక ఆ బక్క వీపు ఎగిరెగిరి పడుతుంటే శాంతవ్వకు వానాకాలం గుర్తొచ్చింది. బురద మడిలో నడుము వంచి అందరికంటే ముందు నాట్ల పాట అందుకునేది ఈ చిన్నవ్వే. గుక్క తిప్పుకోకుండా పాడుతుంది. అప్పుడు దగ్గు లేదు. దసరాకు లేదు. బాల్కొండ నుంచి తిరిగొచ్చిన రోజున ఏనాడూ లేదు.

టీబీ నెలలు చూసుకుని వస్తుందా?

"అవ్వా" అన్నది శాంతవ్వ. తన గొంతే తనకు కొత్తగా వినిపించింది. "నిజం చెప్పవా? నువ్వు బాల్కొండకు పోయేది కోడికూర కోసమేనా?"

అరుగు మీద అందరూ తిరిగి చూశారు. భూమిక "అమ్మా" అని చెయ్యి పట్టుకుంది. శాంతవ్వ నోరు ఆగలేదు. భయస్తుల నోరు ఒకసారి జారితే అంతే, అందులో ధైర్యం ఉందో లేదో వాళ్లకే తెలియదు. "బస్సు పేట దాటినంక నీకు దగ్గు ఆగుతది గదా? డ్రమ్ములు ఆగినంకనే వస్తవు గదా? నేను సూస్తనే ఉన్న అవ్వా. నాకేమో టీబీ అని భయమైంది. ఇగో, నీకు గ్లాసు గూడ అలగ్ పెట్టిన. తప్పైతే కొట్టు."

భూమేశ్వర్ మొహం ఎర్రబడింది. "చెల్లె, మా అవ్వను ఎందుకు గుంజుతున్నవు నడుమల?"

"ఆగురా" అన్నది చిన్నవ్వ.

ఆమె స్తంభం వెనక నుంచి వచ్చి కొడుకు ఎదురుగా నిలబడింది. ఊపిరి అందుకోవడానికి కాసేపు పట్టింది.

"శాంత చెప్పింది నిజమే. పసుపు దుమ్ము నాకు పడ్తలేదు. ఛాతిల పిల్లి కూసినట్టయితది. పండుకుంటే ఊపిరాడది, కూసుంటే నిద్ర రాదు. బాల్కొండల నా బిడ్డ ఇల్లు డ్రమ్ములకు దూరం. ఆడ మంచిగుంట."

"గదేందవ్వా!" భూమేశ్వర్ గొంతు తగ్గిపోయింది. "నాకెందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్తరా?" అన్నది చిన్నవ్వ. "మీ బాపు పోయిననాడే నా మొఖాన పసుపు తీసేసిండ్రు. పసుపు లేనిదాన్ని నేను, పసుపు పడ్తలేదంటే పేట ఏమంటది? 'తనకు లేకపాయె, గందుకే పసుపు మీద చాడీ చెప్తున్నది ముసల్ది' అనరా? పంట ఇంట్లకొచ్చే యాళ్లకు ముండమోసింది నోరు చేసిందనరా? నీ పసుపుకు ధర తక్కువొస్తే గది గూడ నా మీదనే పెట్టరా? గందుకే కోడికూర అన్న. నవ్వుకున్నరు. నవ్వుకోనీ అనుకున్న."

హన్మండ్లు తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పక్క గల్లీలో డ్రమ్ము గడగడ తిరుగుతూనే ఉంది. ఇంతలో బాల్కొండ బస్సు వచ్చి అరుగు ముందు ఆగి, హారన్ కొట్టింది. చిన్నవ్వ కదల్లేదు. కండక్టర్ "అవ్వా, వస్తవా?" అన్నాడు. భూమేశ్వరే చెయ్యి ఊపి పంపేశాడు. తల్లి చంకలోంచి సంచి తీసుకుని తన పక్కన పెట్టుకున్నాడు.

"ఒక్క పేరు చెప్పుమన్న గదా" అన్నాడు చివరికి, ఎవరి వైపూ చూడకుండా. "చెప్పిండ్రు. మాటంటే మాటనే. చెల్లె, మీ డ్రమ్ముకు బంద్ లేదు, ఏం లేదు. కని గిప్పటి నుంచి డ్రమ్ములన్నీ గుట్ట అవతల ఇండ్లు లేని బోడు జాగల తిప్పాలె. మీ డ్రమ్ము, నా చుట్టపోని డ్రమ్ము, అన్నీ. సర్కారు చట్టం వచ్చినప్పుడు వస్తది, గిది కమిటీ చట్టం. హన్మండ్లు, పోయి గా గల్లీల డ్రమ్ము బంద్ చెయ్యుమను ముందు."

"రేపు శుక్రవారం యార్డుకు?" అన్నది భూమిక.

"వస్త బిడ్డా. నువ్వు మాట్లాడు. నేనూ అవ్వా ముందు వరుసల కూసుంటం. అవ్వకు జర మంచి కుర్చీ ఏయుమను."

"కోడికూర గూడ పెట్టుమను" అన్నది చిన్నవ్వ.

తిరుగు దారిలో శాంతవ్వ నడకే మారిపోయింది. దారిలో కనిపించిన ప్రతి ఒక్కరినీ తానే ముందు పలకరించింది, పలుకుతున్నారో లేదో చూసుకోవడానికి. అందరూ పలికారు. ఒకామె "మా కొమ్ములు ఎల్లుండి తెస్తం వదినె, గుట్ట కాడికేనట గదా" అన్నది కూడా. మాట అప్పుడే అక్కడిదాకా పోయింది. భూమిక తల్లి భుజం మీద చెయ్యి వేసి నడిచింది.

"అమ్మా, కోర్టుల నాకు నీ అసొంటి సాక్షి దొరుకుతలేదే."

"కోర్టుకు నేను రాను. గాడ పోలీసులుంటరు."

మధ్యాహ్నం చిన్నవ్వ వాళ్లింటికే వచ్చింది. శాంతవ్వ ఆ వేరే గ్లాసును తీసి, అందులో తానే చాయ్ పోసుకుని ఆమె ముందే తాగింది. చిన్నవ్వ చూసి ఇంకో బిస్కెట్ అందుకుంది. సాయంత్రానికి భోజన్న ట్రాక్టర్‌తో డ్రమ్మును గుట్ట అవతలికి లాక్కుపోయి వదిలి వచ్చాడు. వాకిలి కడిగితే కాలువలో చాలాసేపు పచ్చటి నీళ్లే పారాయి. బర్రెను కూడా కడిగారు. అది నల్లగా బయటపడేసరికి దాని దూడే ఒక్క క్షణం తల్లిని పోల్చుకోలేదని భూమిక నవ్వించింది.

రేపే శుక్రవారం. అయినా శాంతవ్వకు భయం వేయడం లేదు. అంత హాయిగా ఉండటం అలవాటు లేక, ఏదో మరిచిపోయినట్టు ఇల్లంతా తిరిగింది. దాచిన ఉప్పు ప్యాకెట్లను చూసి తనలో తానే నవ్వుకుంది. పాలు గోరువెచ్చగా చేసి తోడు గిన్నె చేతిలోకి తీసుకుంది. ఈసారి ఒక్క గిన్నె చాలు.

అప్పుడే గల్లీ మొదట్లో మైకు కట్టిన ఆటో వచ్చింది. అందులోంచి మగగొంతు గట్టిగా, నింపాదిగా చదువుతోంది.

"రైతు సోదరులకు విజ్ఞప్తి! రేపు ఉదయం ఆర్మూర్ మార్కెట్ యార్డులో గాలి చట్టంపై జరుగు సభకు అధిక సంఖ్యలో తరలిరావలెను. మన పసుపును కాపాడుకుందాం! పొడి మిల్లుల యజమాని శ్రీ ప్రేమ్‌చంద్ గారి ఆధ్వర్యంలో, చట్టం మాకు వద్దు అంటూ రైతుల పక్షాన మొట్టమొదట మాట్లాడువారు, గుట్టకింది పేట వాస్తవ్యులు, పాలిష్ డ్రమ్ము యజమాని, శ్రీ భోజన్న గారు!"

ఆటో ఇంటి ముందు నుంచే పోయింది. డ్రైవర్ భోజన్నకు నమస్కారం కూడా పెట్టాడు.

భూమిక చేతిలోని కాగితాలు పక్కన పెట్టింది. శాంతవ్వ భర్తను చూసింది. కత్తిరించిన జుట్టును చూసింది. చిలక్కొయ్యకున్న తెల్ల అంగీని చూసింది. దవాఖాన కాదు. రోగం కాదు. ఎన్ని ఆపదలను ఊహించిందో ఈమె, ఇది మాత్రం ఊహించలేదు.

"చెప్దామనే అనుకున్న" అన్నాడు భోజన్న నేల చూస్తూ. "బిడ్డ గిట్ల అంటదని నాకేం ఎరుక? పదిహేను దినాల కింద మిల్లు కాడ ప్రేమ్‌చంద్ సేటు కూసోబెట్టిండు. 'నీ అసొంటి అసలు రైతు మాట్లాడాలె భోజన్న, నీ డ్రమ్ము పోతది' అన్నడు. నాకు భయమైంది. సరే అన్న. మాటిచ్చిన."

భయం. ఈ ఇంట్లో అది తన ఒక్కదానికే ఉందనుకుంది శాంతవ్వ.

"పొద్దున కమిటీల ఎందుకు సప్పుడు చెయ్యలే?" అన్నది.

"ఏ నోటితోని చేస్త?"

భూమిక లేచింది. తండ్రిని ఏమన్నా అంటుందని, ఆయన ఏమన్నా తిరిగి అంటాడని శాంతవ్వ గిన్నె పట్టుకునే ఇద్దరి మధ్యకు వచ్చింది. కానీ భూమిక తండ్రి దగ్గరికి పోలేదు. చిలక్కొయ్య దగ్గరికి పోయి, తెల్ల అంగీ దించి, మడత పోకుండా రెండు చేతుల మీద వేసుకుని తెచ్చింది.

"మాటిచ్చినవు గదా బాపూ. తప్పొద్దు. రేపు గిదే తొడుక్కో. నాకంటే ముందు నువ్వే మాట్లాడు."

భోజన్న తలెత్తి కూతురి మొహంలోకి చూశాడు. కోపం కోసం వెతికాడు. అక్కడ ఉన్నదేమిటో ఆయనకు అర్థం కాలేదు, కానీ చేతులు చాచి అంగీ అందుకున్నాడు.

"మాట్లాడుమంటే?" అన్నది శాంతవ్వ. "ఎవల దిక్కు మాట్లాడుమంటున్నవే మీ బాపును?"

తండ్రీ కూతుళ్లు ఒకరినొకరు చూసుకుంటున్నారు. పొయ్యి మీద పాలు చల్లారిపోతున్నాయి. వాటిలో తోడు వేసిందో లేదో శాంతవ్వకు ఎంతకీ గుర్తురాలేదు.